వాడికి ఏం కావాలట?

మదరసాలో పాఠం చెప్పడం మొదలుపెట్టి మాకు ముప్ఫై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలకు ఎన్ని సూరాలు కంఠస్థం చేయించామో లెక్క పెట్టుకోలేదు. కాని ఒక పిల్లవాడు మాకు నేర్పిన పాఠం మాత్రం మరచిపోలేకపోతున్నాము. అది సిగ్గుతో చెప్పుకోవలసిన సంగతే. అయినా, పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికివస్తుందన్న ఆశతో పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆ రోజు అస్ర్ నమాజు తర్వాత మా పిట్టలవానిపాలెం మస్జిదు వరండాలో ఎప్పటిలాగే తరగతి నడుస్తున్నది. ముందు వరుసలో హిఫ్జ్ పిల్లలు రిహాళ్ల ముందు కూర్చుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ సబక్ వల్లె వేసుకుంటున్నారు. వెనుక వరుసలో నాజిరా చదివే పిల్లలు ఉన్నారు. వారిలో పన్నెండేళ్ల అబ్బాయి ఒకడు తల వంచుకొని, ఉర్దూ నోటుపుస్తకంలో ఎంతో శ్రద్ధగా ఏదో రాస్తున్నాడు. ఆ శ్రద్ధ చూసి మొదట సంతోషించాము. దగ్గరకు వెళ్లి చూస్తే అది బొమ్మ. లావుపాటి కుర్రవాడొకడు నడుం మీద చేతులు పెట్టుకొని, కనుబొమలు ముడిచి నిలబడి ఉన్నాడు. దాని కింద ఉర్దూ అక్షరాలలో ‘కాలియా’ అని రాసి ఉంది.

“ఎవరితను?” అని అడిగాము.

“కార్టూన్‌లో వస్తాడు హజ్రత్. భీమ్‌తో ఎప్పుడూ గొడవ పెట్టుకుంటాడు.”

“అంటే చెడ్డవాడన్నమాట. తరగతిలో బొమ్మలు గీయడమే ఒక తప్పు. అందులోనూ చెడ్డవాడి బొమ్మా?”

“నాకు ఇతనంటేనే ఇష్టం హజ్రత్” అన్నాడు అబ్బాయి.

పిల్లలందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు మమ్మల్ని ఎగతాళి చేసినట్లు అనిపించింది. ప్రాణుల బొమ్మల గురించి ధర్మం ఏమి చెబుతుందో పిల్లలకు సౌమ్యంగా వివరించే పద్ధతి ఒకటి ఉంది. అది మాకు తెలుసు. ఆ రోజు ఆ పద్ధతి పాటించలేదు. ఆ కాగితాన్ని పుస్తకంలోంచి లాగి నాలుగు ముక్కలుగా చించి కింద పడేశాము. అంతటితో ఆగినా బాగుండేది. “నీ తమ్ముణ్ణి చూడు. నీకంటే మూడేళ్లు చిన్నవాడు. ఎనిమిదో పారాకు వచ్చాడు. నువ్వు ఇలా దుష్టుల బొమ్మలు గీసుకుంటూ కూర్చో” అన్నాము.

తమ్ముడు ముందు వరుసలోనే ఉన్నాడు. వాడు వెనుదిరిగి చూడలేదు కాని, ఊగడం ఆపేశాడు. అన్న ఆ నాలుగు ముక్కలూ ఏరుకొని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: “కాలియా ఎందుకట్లా చేస్తాడో మీకు తెలుసా హజ్రత్?”

“తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు” అన్నాము.

మరునాడు ఆ అబ్బాయి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. తమ్ముణ్ణి అడిగితే, “ఇంట్లోనే ఉన్నాడు” అని మాత్రం చెప్పి తల దించుకున్నాడు.

మూడో రోజు రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి నడిచి వస్తుంటే మా మాటే మాకు మళ్లీ వినిపించింది. తెలుసుకోవలసిన అవసరం లేదట! మా చిన్నతనంలో మా అబ్బాజాన్ ఎన్నడూ ఇలా అనలేదు.

మా అబ్బాజాన్ బాపట్ల రోడ్డు పక్కన సైకిళ్లు బాగుచేసేవారు. ఆయనకు ఖుర్ఆన్ పారాయణం వచ్చు గాని, తెలుగు చదవడం రాదు. మా పొరుగున ఒక బడిపంతులు గారు ఉండేవారు. ఆయన ఇంట్లో పాత చందమామలు ఏడాదికొకటి చొప్పున బైండు చేసిన పుస్తకాలు ఉండేవి. చేతులు కడుక్కుని వస్తేనే ఇచ్చేవారు. రాత్రి భోజనాల తర్వాత లాంతరు దగ్గర కూర్చుని మేము ఆ కథలు పైకి చదివితే అబ్బాజాన్ పడుకొని వినేవారు.

చందమామ పుట్టింది మద్రాసులోనే అయినా, దాని వెనుక ఉన్నది మా ప్రాంతం వారే. 1947 జూలైలో నాగిరెడ్డి గారితో కలిసి ఆ పత్రికను ప్రారంభించిన చక్రపాణి గారిది తెనాలి. 1952 నుండి 1980లో కన్నుమూసే దాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు కూడా తెనాలిలో పుట్టినవారే. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ‘ముగ్గురు మాంత్రికులు’ అనే సీరియల్ ఉండేది. దానికి ‘చిత్రా’ గారు బొమ్మలు వేశారు. ఆ కథలో మంచివాళ్లు కూడా ఉన్నారు. అయినా మా కళ్లు మాంత్రికుల బొమ్మల మీదనే నిలిచేవి. ఈ మాట ఈనాటి వరకు ఎవరితోనూ చెప్పుకోలేదు. మౌల్వీ అయినవాడు చిన్నతనంలో మాంత్రికుల అభిమాని అంటే ఎవరు మెచ్చుకుంటారు?

అబ్బాజాన్‌కు మాత్రం ఆ సంగతి తెలుసు. కోప్పడేవారు కాదు. కథలో మాంత్రికుడు వచ్చిన ప్రతిసారీ పడుకున్న చోటి నుండే, “సరే, వాడికి ఏం కావాలట?” అని అడిగేవారు. మేము వెతికి చెప్పేవాళ్లము. ఒకడికి నిధి కావాలి, ఒకడికి రాజ్యం కావాలి, ఒకడికి చావు లేకుండా ఉండాలి. “కావాలనుకోవడం తప్పు కాదు బేటా. అది ఎవరి దగ్గర అడుగుతున్నాడు, దానికోసం ఎవరి మెడ మీద కాలు పెడుతున్నాడు, అది చూడు” అనేవారు. చదువు రాని మా తండ్రి ఒక చిన్న ప్రశ్నతో మాకు మంచిచెడ్డలు నేర్పారని ఇప్పుడు అర్థమవుతున్నది.

ఆలోచిస్తే, దుష్టపాత్రల మీద ఇష్టం టీవీతో వచ్చిన కొత్త జబ్బేమీ కాదు. మా ప్రాంతంలో తిరునాళ్లకూ పండుగలకూ రాత్రంతా పద్య నాటకాలు ఆడేవారు. దుర్యోధనుడి వేషధారి పద్యం అందుకుంటే జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసేవారు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో కథానాయకుణ్ణి మెచ్చుకున్నవారు ఎందరో, ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి అనుకరించినవారూ అందరే ఉంటారు. ఎన్.టి. రామారావు గారు 1977లో ‘దాన వీర శూర కర్ణ’ తీసినప్పుడు కృష్ణుడితోపాటు కర్ణుడి వేషం, దుర్యోధనుడి వేషం కూడా తామే వేశారు. జనం నోళ్లలో ఎక్కువగా నానింది దుర్యోధనుడి సంభాషణలే. మంచి నాయకుడికి కథ మొదలయ్యేసరికే అందరి ప్రేమా ఉంటుంది. దుష్టుడు దేనికోసమో అలమటిస్తూ ఉంటాడు. ఆ అలమటింపులో వినేవాడికి తన గొంతు కాస్త వినిపిస్తుంది. అదే ఇందులోని ఆకర్షణ అని మాకు తోచింది.

మరి మా పన్నెండేళ్ల అబ్బాయికి కాలియాలో వినిపించిన గొంతు ఎవరిది?

మరునాడు ఉదయం వారి ఇంటికి వెళ్లాము. అబ్బాయి తండ్రి కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నారు. తల్లి తలుపు తీసి, కొంగు సరిచేసుకొని, కంగారుగా “రండి హజ్రత్, కూర్చోండి. వీడు మళ్లీ ఏం చేశాడు?” అని అడిగింది. ‘మళ్లీ’ అన్న మాట మా చెవికి గుచ్చుకుంది. వాడేమీ చేయలేదనీ, మేమే ఒక పాఠం తెలుసుకోవడానికి వచ్చామనీ చెప్పాము. ఆమెకు అర్థం కాలేదు. టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

అబ్బాయి మమ్మల్ని చూసి టీవీ కట్టేయబోయాడు. వద్దన్నాము. “ఆ కాలియా ఎవరో మాకూ చూపించు” అని చాప మీద వాడి పక్కన కూర్చున్నాము. ఇన్నేళ్ల జీవితంలో కార్టూన్ చూడడం మాకు అదే మొదలు.

‘ఛోటా భీమ్’ మన హైదరాబాదులో తయారైనదే. రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థ దాన్ని రూపొందించింది. 2008 నుండి పోగో ఛానెల్‌లో వస్తున్నది. ఢోలక్‌పూర్ అనే ఊరు, దానికొక రాజుగారు, ఆ ఊరిని ఆపదల నుండి కాపాడే భీమ్ అనే బాలుడు. వాడు లడ్డూ తింటే బలం పుంజుకుంటాడు. కాలియా ఒళ్లూ వయసూ భీమ్ కంటే పెద్దవి. ఢోలు, భోలు అనే కవలలను వెంటేసుకొని తిరుగుతూ, భీమ్‌ను ఓడించాలని చూసి ఎప్పుడూ తానే ఓడిపోతూ ఉంటాడు. కొన్ని కథల్లో భీమ్‌కు సాయం కూడా చేస్తాడట. ఈ వివరాలన్నీ అబ్బాయి చెప్పినవే. చెబుతున్నంతసేపూ వాడి ముఖం వెలిగిపోయింది. తరగతిలో ఆ ముఖాన్ని మేమెన్నడూ చూడలేదు.

“ఇప్పుడు చెప్పు. ఈ కాలియాకు ఏం కావాలట?” అని మా అబ్బాజాన్ ప్రశ్ననే అడిగాము.

వాడు కాసేపు ఆలోచించాడు. “ఏ పని వచ్చినా రాజుగారు భీమ్‌నే పిలుస్తారు హజ్రత్. ఊళ్లో వాళ్లందరూ భీమ్‌నే మెచ్చుకుంటారు. కాలియాది కూడా ఆ ఊరే కదా. అతణ్ణి కూడా ఎప్పుడో ఒకసారి పిలవవచ్చు కదా.”

ఇంతలో తల్లి టీ తెచ్చింది. మాటల్లో, తన భర్త ప్రతి శుక్రవారం ఫోను చేస్తారనీ, చేయగానే చిన్నవాడి సబక్ ఎంతవరకు వచ్చిందో అడుగుతారనీ సంతోషంగా చెప్పింది. “మీరు ఆయనకు ఫోనులో చెబుతారట కదా హజ్రత్, చిన్నవాడు మంచి హాఫిజ్ అవుతాడని. ఆయన అక్కడ అందరికీ అదే చెప్పుకుంటున్నారు” అన్నది. నిజమే. ఆయనకు ఎన్నోసార్లు ఫోనులో చెప్పాము. చిన్నవాడి గురించే చెప్పాము. పెద్దవాడి పేరు ఆ సంభాషణల్లో ఒక్కసారైనా ఎత్తామా అని వెతుక్కుంటే, గుర్తుకు రాలేదు. టీ గొంతు దిగలేదు.

ఢోలక్‌పూర్ రాజుగారు ఎవరో మాకు అప్పుడు తెలిసింది.

తల్లి లోపలికి వెళ్లిన తర్వాత అబ్బాయి టీవీ వైపు చూస్తూనే, గొంతు తగ్గించి అన్నాడు: “తమ్ముడి సబక్ డైరీ నేనే కాలువలో వేశాను హజ్రత్.”

పది రోజుల క్రితం ఆ డైరీ కనిపించకుండా పోయింది. హిఫ్జ్ చేసే పిల్లవాడికి అది ప్రాణంతో సమానం. ఏ రోజు ఎంత సబక్ చదివాడు, ఎన్ని తప్పులు వచ్చాయి, ఆమోఖ్తా ఎంత వినిపించాడు, అన్నీ మా చేతిరాతతో అందులో ఉంటాయి. ఏడాదిన్నర కష్టం అది. చిన్నవాడు రెండు రోజులు అన్నం తినకుండా ఏడ్చాడు. మస్జిదు అంతా వెతికాము. ఎక్కడో పారేసుకున్నాడని వాణ్ణే మందలించాము కూడా.

వెంటనే ఏమీ అనలేకపోయాము. కోప్పడదామంటే, ఆ పనికి కారణంలో మా వాటా ఉంది. ఫరవాలేదని తల నిమురుదామంటే, ఏడ్చిన తమ్ముడి ముఖం కళ్లముందు ఉంది. “రేపు తరగతికి గంట ముందు రా. మాట్లాడుకుందాము” అని చెప్పి లేచాము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దుష్టుడి కారణాన్ని అడగడం తప్పా, ఒప్పా అని ఆలోచిస్తూ పడుకున్నాము. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన విషయాలే కొత్తగా కనిపించసాగాయి.

ఆదమ్ (అలై)కు సజ్దా చేయమని ఆజ్ఞాపించినప్పుడు ఇబ్లీసు చేయలేదు. అల్లాహ్ సర్వజ్ఞుడు. వాడి మనసులో ఏముందో ఆయనకు తెలుసు. అయినా, ఏ కారణం నిన్ను ఆపిందని వాణ్ణి అడిగాడు. వాడు తన కారణం చెప్పుకున్నాడు. తాను అగ్నితో పుట్టినవాడట, ఆదమ్ మట్టితో పుట్టినవాడట, తానే మేలైనవాడట. ఆ జవాబును దివ్య ఖుర్ఆన్ దాచిపెట్టలేదు. ప్రళయం వరకు మనం చదువుకొనేలా భద్రపరచింది. కారణం అడగబడింది, వినబడింది. అయితే అంగీకరించబడలేదు. కారణం వినడం వేరు, దాన్ని సాకుగా ఒప్పుకోవడం వేరు అని చెప్పడానికి ఇంతకంటే పెద్ద నిదర్శనం ఏముంటుంది? సృష్టికర్తే అడిగిన ప్రశ్నను అడగవలసిన అవసరం లేదని చెప్పడానికి మేమెంతవారము?

అదే సూరాలో వెంటనే మరో తప్పు కూడా ఉంది. ఆదమ్ (అలై), ఆయన సతీమణి నిషిద్ధ వృక్షం జోలికి వెళ్లారు. షైతాను మోసగించాడన్నది వాస్తవం. దాన్ని అడ్డుపెట్టుకోవాలనుకుంటే వారికి గట్టి కారణమే ఉంది. కాని తమకు తామే అన్యాయం చేసుకున్నామని ఒప్పుకొని క్షమాపణ వేడుకున్నారు. ఒకరు కారణం చెప్పి తల ఎత్తారు, ఒకరు కారణం ఉండి కూడా తల వంచారు. మనిషికీ షైతానుకూ దారులు చీలిపోయింది అక్కడే.

తర్వాత సూరా యూసుఫ్ గుర్తుకు వచ్చింది. ఆ అన్నలకు ఏం కావాలట? రాజ్యం కాదు, ధనం కాదు. తండ్రి ప్రేమ. తమ్ముడే తండ్రికి ఎక్కువ ఇష్టమన్న తలంపు వారిని బావి దాకా నడిపించింది. యూసుఫ్ (అలై) తాను కన్న కలను అన్నలకు చెప్పవద్దని యాఖూబ్ (అలై) ముందే హెచ్చరించారు. పిల్లల మధ్య అసూయ నిప్పు లాంటిదని ఆ మహనీయుడికి తెలుసు. మేమో, నిండు తరగతిలో తమ్ముడి ఘనతను అన్న ముఖాన విసిరి ఆ నిప్పు మీద నూనె పోశాము.

నూమాన్ బిన్ బషీర్ (రజి) చిన్నతనపు సంఘటనను మేము ఎన్ని జుమా ప్రసంగాల్లో చెప్పామో! ఆయన తండ్రి ఆయన ఒక్కరికే ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (సఅసం)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగిలిన పిల్లలకు కూడా ఇలాగే ఇచ్చావా అని దైవప్రవక్త (సఅసం) అడిగారు. ఇవ్వలేదని తెలుసుకొని, అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఇల్లూ పొలమూ బంగారమూ పంచేటప్పుడు మాత్రమే దీన్ని గుర్తు చేసుకొనేవాళ్లము. పొగడ్త కూడా కానుకే కదా! దాన్ని ఒక బిడ్డ ఒడిలోనే పోసి, మరో బిడ్డను చూస్తూ కూర్చోమంటే అది న్యాయం ఎలా అవుతుంది?

మరునాడు అబ్బాయి చెప్పిన వేళకు వచ్చాడు. వరండాలో ఎవరూ లేరు. వాడు మాట్లాడకముందే మేము మాట్లాడాము. “బేటా, నీ కాగితం చించడం మా తప్పు. నీ తమ్ముడితో నిన్ను పోల్చడం అంతకంటే పెద్ద తప్పు. మమ్మల్ని మన్నించు” అన్నాము. ముప్ఫై ఏళ్లలో ఒక శిష్యుణ్ణి మన్నింపు అడగడం అదే మొదటిసారి. నాలుక మీద ఆ మాట ఎంత బరువుగా ఉందో అల్లాహ్‌కే తెలుసు. వాడు బిత్తరపోయి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మరి డైరీ సంగతి?” అన్నాడు. తప్పించుకోవచ్చు, అయినా తానే అడిగాడు.

అప్పుడు వాడికి వహ్షీ కథ చెప్పాము. వహ్షీ ఒక బానిస. బద్ర్ యుద్ధంలో హజ్రత్ హమ్జా (రజి) చేతిలో వహ్షీ యజమాని జుబైర్ బిన్ ముత్‌ఇమ్ పినతండ్రి చనిపోయాడు. హమ్జాను చంపితే బానిసత్వం నుండి విడుదల చేస్తానని యజమాని ఆశ చూపించాడు. వహ్షీకి హమ్జా (రజి)తో పగ లేదు.

“అతనికి ఏం కావాలట?” అన్నాము.

“విడుదల” అన్నాడు అబ్బాయి వెంటనే.

“అది కోరుకోవడం తప్పా?”

“కాదు హజ్రత్. కాని దానికోసం హమ్జా (రజి)ను చంపడం తప్పు.”

హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ మైదానంలో వహ్షీ పొంచి ఉండి బల్లెం విసిరాడు. దైవప్రవక్త (సఅసం) తమ ప్రియమైన పినతండ్రిని కోల్పోయారు. వహ్షీకి విడుదల దొరికింది. మక్కా విజయం తర్వాత తాయిఫ్‌కు పారిపోయాడు. చివరికి దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి ఇస్లాం స్వీకరించాడు. ఆయన వహ్షీని శిక్షించలేదు. అయితే, వీలైతే తమ కంటికి కనబడకుండా ఉండమని కోరారు. తర్వాతి కాలంలో అబద్ధపు ప్రవక్త ముసైలమాతో జరిగిన యుద్ధంలో వహ్షీ (రజి) బల్లెం విసిరి ముసైలమాను హతమార్చాడు. ఈ సంగతులన్నీ వహ్షీ స్వయంగా చెప్పగా బుఖారీ గ్రంథంలో నమోదయ్యాయి.

అబ్బాయి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. “క్షమించిన తర్వాత కూడా దైవప్రవక్త (సఅసం)కు బాధ పోలేదా హజ్రత్?” అని అడిగాడు.

“తౌబా చేసినవాణ్ణి అల్లాహ్ క్షమిస్తాడు. కాని దెబ్బ తిన్నవాడి మనసులో నొప్పి ఉంటుంది. ఆ నొప్పిని గౌరవించడం తప్పు చేసినవాడి బాధ్యత. వహ్షీ దాన్ని గౌరవించాడు. చేతనైన మంచి పని కోసం ఎదురుచూశాడు” అన్నాము.

ఆ సాయంత్రం తరగతి ముగిశాక వాడు తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు. ఏమి మాట్లాడుకున్నారో మేము వినలేదు. తమ్ముడు మొదట గట్టిగా ఏడ్చాడు, అన్న చేయి విదిలించుకొని మస్జిదు లోపలికి వెళ్లిపోయాడు. రెండు రోజులు మాట్లాడలేదు. కథల్లోలాగా వెంటనే కౌగిలించుకోలేదు. మూడో రోజు పెద్దవాడు ఒక కొత్త నోటుపుస్తకం తెచ్చాడు. తమ్ముడి పక్కన కూర్చుని, ఏ పారా ఏ నెలలో పూర్తయిందో వాడు గుర్తు చేసుకొని చెబుతుంటే, ఒక్కొక్క గడీ స్కేలుతో గీసి రాశాడు. మేము సంతకాలు చేశాము. పోయిన మా చేతిరాత తిరిగి రాలేదు. అన్న చేతిరాత వచ్చి దాని స్థానంలో కూర్చుంది. గీతలు ఎంత నేర్పుగా ఉన్నాయంటే, ఇప్పుడు మిగిలిన హిఫ్జ్ పిల్లలు కూడా తమ డైరీలు వాడిచేతనే గీయించుకుంటున్నారు. మస్జిదు నోటీసు బోర్డు మీద నమాజు వేళలు రాసే పని వాడిదే. ‘బిస్మిల్లాహ్’ను అందంగా రాయడం నేర్చుకుంటున్నాడు. ఆ చేయి బొమ్మకు వంగినప్పుడు చించడం తప్ప, దాన్ని మరో దారికి మళ్లించవచ్చన్న ఆలోచన ఆనాడు మాకు రాలేదు.

తర్వాతి శుక్రవారం కువైట్‌కు మేమే ఫోను చేశాము. ఆ తండ్రికి పెద్ద కొడుకు గురించే చెప్పాము. చేసిన తప్పునూ చెప్పాము, దాన్ని ఒప్పుకున్న ధైర్యాన్నీ చెప్పాము, మా వాటా కూడా దాచకుండా చెప్పాము. అవతలి వైపు కొంతసేపు నిశ్శబ్దం. “వాడు పుట్టినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను హజ్రత్. మొట్టమొదట ఎత్తుకున్నది వాణ్ణే” అన్నారాయన. ఇకమీదట ముందు పెద్దవాడితో మాట్లాడతానని మాట ఇచ్చారు. ఆ మాట నిలుపుకుంటున్నారని వారి ఇంటావిడ మా ఇంటావిడతో చెప్పిందట.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. మీ పిల్లవాడు టీవీలోనో ఫోనులోనో ఎవరో దుష్టుణ్ణి చూసి ముచ్చటపడుతుంటే ఉలిక్కిపడి ఫోను లాక్కోకండి. ఏ కార్టూనైనా ఫరవాలేదని మేము అనడం లేదు. క్రూరత్వాన్ని వినోదంగా, అహంకారాన్ని అందంగా చూపించేవి ఎన్నో ఉన్నాయి. వాటి విషయంలో కాపలా ఉండవలసిందే. అయితే కాపలాదారు మొదట పక్కన కూర్చోవాలి. కూర్చుని అడగండి: వాడికి ఏం కావాలట? అది కోరుకోవడం తప్పా? దానికోసం ఎవరిని బాధపెట్టాడు? తిరిగి రావడానికి వాడికి దారి ఉందా?

1940లో వచ్చిన టామ్ అండ్ జెర్రీ మొదటి చిత్రం కథ ఈ మధ్య ఒక పూర్వ విద్యార్థి మాకు చెప్పాడు. ఇంకొక్క వస్తువు పగిలితే ఇంట్లోంచి వెళ్లగొడతానని పనిమనిషి పిల్లిని బెదిరిస్తుంది. అది తెలిసిన ఎలుక ఒక్కొక్క సామాను కింద పడేయబోతుంటే, పిల్లి వాటిని పట్టుకోలేక సతమతమవుతుంది. ఎలుకకు అది ఆట, పిల్లికి నీడ పోతుందన్న భయం. చూసే పిల్లల్లో కొందరు పిల్లి మీద జాలిపడతారు. ఆ జాలి చెడ్డది కాదు. అన్యాయానికి గురైన సోదరుడికే గాక, అన్యాయం చేస్తున్న సోదరుడికి కూడా సాయపడమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. రెండోవాడికి సాయమెలాగని సహచరులు అడిగితే, అతని చేయి పట్టుకొని ఆపడమే సాయమని వివరించారు. చేయి పట్టుకోవాలంటే దగ్గరకు వెళ్లాలి. దూరం నుండి కాగితాలు చించితే ఎవరి చేయీ ఆగదు.

ఆ చించిన నాలుగు ముక్కలూ ఏమయ్యాయో మేము అడగలేదు. ఇటీవల వాడి నాజిరా పూర్తయింది. ఆ రోజు వాడు మిఠాయి పంచుతూ ముందుగా తమ్ముడి నోట్లో లడ్డూ పెట్టాడు. తర్వాత మా దగ్గరకు వచ్చి, నవ్వు ఆపుకుంటూ, “కాలియా ఇచ్చాడనుకోండి హజ్రత్” అన్నాడు. మేము సంతోషంగా తిన్నాము.

మన పిల్లల మధ్య న్యాయంగా నడుచుకొనే బుద్ధినీ, మన తప్పును చిన్నవారి ముందు కూడా ఒప్పుకొనే వినయాన్నీ, దారి తప్పినవారి చేయి పట్టుకొనే ఓర్పునూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.